మైనస్ ఒకటి

నిరుడు నేనొక క్రెడిట్ కార్డుకి దరఖాస్తు పెట్టుకున్నాను. పెద్ద అవసరమేమీ కాదు. సదస్సులకి వెళ్ళాలంటే రైలో విమానమో టిక్కెట్టూ, హోటలు గదీ ముందే బుక్ చేసుకోవాలి. డబ్బు చేతికొచ్చేది తిరిగొచ్చి, బిల్లులన్నీ అతికించి, నాలుగు సంతకాలయ్యాక. ప్రతిసారీ మా ఆయన కార్డు అడగడం, ఆయన ఫోనుకొచ్చే ఓటీపీ కోసం ఆయన మీటింగులోంచి బయటికొచ్చేదాకా కూచోవడం విసుగొచ్చింది. ఎనిమిదేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నాను. జీతం పడేది ఆ బ్యాంకులోనే. నాలుగు రోజుల్లో జవాబొచ్చింది, మీ దరఖాస్తును ఆమోదించలేకపోతున్నామని. కారణం కనుక్కుందామని వెళ్తే కౌంటర్లో ఉన్న అమ్మాయి కంప్యూటర్ తెర నా వైపు తిప్పింది. మూడంకెల స్కోరు ఉండాల్సిన చోట మైనస్ ఒకటి అని ఉంది. "మీ తప్పేం లేదు మేడం, మీకసలు హిస్టరీ లేదు" అంది ఓదార్పుగా.

స్త్రీల ఆత్మకథల మీద పరిశోధన చేసి డాక్టరేటు తీసుకున్నదాన్ని. ఈ మాట నాకు కొత్తగా వినపడకూడదు. అయినా ఆ తెర ముందు కాసేపు నోట మాట రాలేదు.

మా ఇంటి లెక్క ఇలా ఉంటుంది. ఫ్లాటు అప్పు మా ఆయన పేరు మీద ఉంది కాబట్టి ఆయన జీతంలో పెద్ద భాగం నెలనెలా వాయిదాకి పోతుంది. సరుకులు, కరెంటు, గ్యాసు, పిల్ల స్కూలు ఫీజు, పనిమనిషి జీతం, అత్తయ్య మందులు నా జీతంలోంచి నడుస్తాయి. నేను ఇల్లు నడుపుతున్నాను కాబట్టే ఆయన వాయిదా తప్పకుండా కడుతున్నారు. కానీ ఆరేళ్ళ తర్వాత ఆయన స్కోరు 812. నాది మైనస్ ఒకటి. ఇది ఆయన మీద ఫిర్యాదు కాదు. అలా పంచుకుందామని చెప్పింది నేనే. పప్పుకీ పాలకీ ఇచ్చిన డబ్బు ఏ చిట్టాలోకీ ఎక్కదని అప్పుడు నాకు తోచలేదు, అంతే.

క్రెడిట్ అనే మాటకి తెలుగులో మనకున్నది పరపతి. వ్యవసాయ పరపతి సంఘం అన్నప్పుడు అది అప్పు. 'ఆయనకి ఊళ్ళో పరపతి ఉంది' అన్నప్పుడు అది పలుకుబడి. రెండర్థాలూ ఒక మాటలో ఇమిడిపోవడం యాదృచ్ఛికమేమీ కాదు. అప్పు 'పుడుతుంది' అంటాం కదా, అది పుట్టేది పరపతి ఉన్నవాళ్ళకే. మా అమ్మమ్మ ఊళ్ళో కిరాణా కొట్టు పద్దు పుస్తకంలో మా పేజీ మీద తాతయ్య పేరుండేది. సరుకు తెచ్చేదీ, పాలమ్మిన డబ్బుతో బాకీ తీర్చేదీ అమ్మమ్మ. తాతయ్య పోయాక కూడా కొట్టతను ఏటేటా కొత్త పుస్తకంలో ఆ పేరే రాసుకునేవాడు. అమ్మమ్మకి అందులో తప్పేమీ కనపడలేదు. ఆ పేరు మీదైతే సరుకు ఇస్తారు కదా అనేది.

బ్యాంకు నుంచి వచ్చాక ఈ స్కోరు అనేది ఎక్కడ మొదలైందో చదవడం మొదలుపెట్టాను. ఆ పద్దు పుస్తకమే నన్ను అమెరికా దాకా తీసుకెళ్ళింది.

న్యూయార్కులో లూయిస్ టాపన్ అనే పట్టు వర్తకుడుండేవాడు. బానిసత్వ వ్యతిరేక ఉద్యమంలో పేరున్న మనిషి. 1837 సంక్షోభంలో అప్పులిచ్చి దెబ్బతిని, 1841లో మర్కంటైల్ ఏజెన్సీ అని ఒకటి పెట్టాడు. ఏ ఊళ్ళో ఏ వ్యాపారికి ఎంతవరకు అప్పివ్వచ్చో స్థానికుల చేత రాయించి, చందాదారులకి చెప్పడం దాని పని. తర్వాత ఆర్.జి.డన్ చేతికి వచ్చిన ఈ సంస్థ చిట్టాలు రెండున్నర వేలకు పైగా సంపుటాలు ఇప్పుడు హార్వర్డులో బేకర్ లైబ్రరీలో ఉన్నాయి. అందులో ఆడవాళ్ళూ ఉన్నారు. టోపీలు చేసేవాళ్ళు, బట్టలు కుట్టేవాళ్ళు, చిన్న కొట్లు నడిపేవాళ్ళు. చరిత్రకారిణి వెండీ గాంబర్ ఈ చిట్టాల ఆధారంగానే ఆ కాలపు దర్జీ స్త్రీల చరిత్ర రాశారు. వాళ్ళ గురించి రాసేటప్పుడు సరుకెంత, బాకీ ఎంత అన్నదాంతో పాటు నడవడిక కూడా లెక్కలోకొచ్చేది. భర్త అప్పులవాళ్ళకి దొరక్కుండా భార్య పేరుతో కొట్టు పెట్టాడేమోనన్న అనుమానం సరేసరి. పెళ్ళయిన స్త్రీకి చట్టం ముందు సొంత అస్తిత్వం లేని రోజులవి. న్యూయార్కు రాష్ట్రంలో వివాహిత స్త్రీల ఆస్తి చట్టం వచ్చిందే 1848లో. చిట్టాలో ఆమె ఉన్నా, భర్త తోకగానో భర్త ముసుగుగానో మాత్రమే ఉంది.

ఆ చూపు వ్యాపారుల నుంచి మామూలు మనుషుల మీదికి మళ్ళింది. 1899లో అట్లాంటాలో వూల్‌ఫర్డ్ సోదరులు పెట్టిన రిటైల్ క్రెడిట్ కంపెనీ మనుషులు ఇరుగుపొరుగుల్ని అడిగి తాగుడు గురించీ కాపురం గురించీ రాసుకునే స్థాయికి వెళ్ళింది. ఇలాంటి సంస్థల మీద జనం మండిపడ్డాకే 1970లో, ఎవరి ఫైలు వాళ్ళు చూసుకునే హక్కునిస్తూ ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం వచ్చింది. 1975లో ఆ కంపెనీ పేరు మార్చుకుంది. ఇప్పుడు దాన్ని మనం ఈక్విఫాక్స్ అంటున్నాం. మన దేశంలోనూ నాలుగు క్రెడిట్ సమాచార సంస్థల్లో అదొకటి.

ఇక్కడ నన్ను నిలబెట్టేసిన వివరం ఒకటుంది. 1941లో డేవిడ్ డ్యురాండ్ అనే పరిశోధకుడు వాయిదాల మీద తీసుకున్న వేలాది అప్పుల్ని పరిశీలించి, ఎవరు తీరుస్తారో ఎవరు ఎగ్గొడతారో ముందే అంచనా కట్టడానికి మార్కుల పద్ధతి ఒకటి తయారుచేశాడు. స్కోరుకి అది మొదటి రూపమనుకోవచ్చు. బ్యాంకు ఖాతా ఉంటే 0.45 మార్కు. స్థిరాస్తి ఉంటే 0.35. ఆడమనిషి అయితే 0.40. మగవాడైతే సున్నా! అంటే ఇల్లు ఉండటం కన్నా ఆడమనిషి కావడమే అప్పు తీరుతుందనడానికి గట్టి గుర్తుగా అతని లెక్కలో తేలింది. తీసుకున్నది తిరిగివ్వకపోతే తల కొట్టేసినట్టుంటుందనుకునే ఆడవాళ్ళని చూస్తూ పెరిగిన మనకి ఇందులో ఆశ్చర్యం లేదు. ఆశ్చర్యమల్లా ఈ లెక్క అచ్చయిన ముప్ఫై ఏళ్ళకి కూడా బ్యాంకులు ప్రవర్తించిన తీరు.

1972 మే నెలలో వాషింగ్టన్‌లో నేషనల్ కమిషన్ ఆన్ కన్స్యూమర్ ఫైనాన్స్ ముందు స్త్రీలు వచ్చి తమ అనుభవాలు చెప్పారు. ఆ సాక్ష్యాల నుంచి కమిషన్ తేల్చిన విషయాలు చదువుతుంటే మన చుట్టుపక్కల ఇళ్ళు గుర్తొస్తాయి. ఒంటరి పురుషుడి కన్నా ఒంటరి స్త్రీకి అప్పు పుట్టడం కష్టం. సొంత ఖాతా ఉన్న అమ్మాయి పెళ్ళి చేసుకుంటే మళ్ళీ దరఖాస్తు పెట్టాలి, అదీ భర్త పేరుతో. ఇంటి అప్పు లెక్క కట్టేటప్పుడు భార్య సంపాదన పూర్తిగా కలపరు, రేపు కడుపొచ్చి మానేస్తుందేమోనని. కొన్నిచోట్ల ఆ జీతం లెక్కలోకి రావాలంటే పిల్లలు పుట్టకుండా జాగ్రత్తపడుతున్నామనో, ఇక పుట్టరనో డాక్టరు రాసిచ్చిన ఉత్తరం అడిగేవాళ్ళు. దానికి 'బేబీ లెటర్' అని ముద్దు పేరు కూడా! విడాకులు తీసుకున్న స్త్రీ, భర్త పోయిన స్త్రీ బ్యాంకుకెళితే ఆమెకి చరిత్రే ఉండదు. ఇరవై ఏళ్ళు ఆమె చేత్తో చెక్కులు రాసి తీర్చిన బాకీలన్నీ అతని ఫైల్లో ఉన్నాయి, ఫైలు అతనితో పాటే పోయింది. ఆ కాలంలోనే అయోవా రాష్ట్రంలో డావెన్‌పోర్టు నగర మేయర్ కాథరిన్ కిర్ష్‌బామ్ కార్డు అడిగితే భర్త సంతకం కావాలన్నారు. ఊరిని నడిపే మనిషికి!

1974కి ముందు అమెరికాలో ఆడవాళ్ళకి క్రెడిట్ కార్డు ఉండేదే కాదని ఇప్పుడు చాలామంది రాస్తున్నారు. అది నిజం కాదు. ఇచ్చినవాళ్ళున్నారు, తీసుకున్నవాళ్ళున్నారు. ఇవ్వకపోతే అడిగే చట్టం లేదు, అదీ అసలు సంగతి. ఆడవాళ్ళని చట్టం నిషేధించి ఉంటే కనీసం పోరాడటానికి ఒక గుమ్మం ఉండేది. ఇక్కడ ప్రతి మేనేజరూ తన విచక్షణ అనే గుమ్మంలో నిలబడ్డాడు.

ఆ ఖాళీని పూడ్చిన ఈక్వల్ క్రెడిట్ ఆపర్చునిటీ చట్టం మీద 1974 అక్టోబర్ 28న అధ్యక్షుడు ఫోర్డ్ సంతకం చేశారు. దాని వెనక ఎంతోమంది శ్రమ ఉంది. అయితే నాకు బాగా నచ్చే కథ లిండీ బాగ్స్‌ది. లూసియానా ప్రతినిధి హేల్ బాగ్స్ భార్య. 1972లో అలాస్కాలో భర్త ఎక్కిన విమానం మాయమైపోతే, మరుసటి ఏడు ఆ స్థానంలో గెలిచి బ్యాంకింగ్ కమిటీలోకి వచ్చింది. రుణాల్లో వివక్షని నిషేధించే ముసాయిదా కమిటీలో చర్చకొచ్చినపుడు అందులో స్త్రీ పురుష భేదం గురించి గానీ వైవాహిక స్థితి గురించి గానీ లేదు. ఆవిడ ఆ మాటల్ని తన చేత్తో కాగితం మీద రాసి, పక్క గదిలోకెళ్ళి జిరాక్సు తీయించి, సభ్యులందరి ముందూ ఒక్కో ప్రతి పెట్టి, ఇది ఏదో పొరపాటున జారిపోయి ఉంటుందని మర్యాదగా అన్నదట. ఎవరూ కాదనలేకపోయారు. తను కూడా కొత్తగా భర్త పోయిన మనిషి. తన పేర పరపతి లేకపోవడమంటే ఏమిటో పుస్తకంలో చదివి తెలుసుకోలేదు.

చట్టం వచ్చాక కూడా పాత ఫైళ్ళు ఉండిపోయాయి. చరిత్ర విద్యార్థిగా నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది 1977 జూన్ 1 నుంచి అమలైన నియమం. భార్యాభర్తలిద్దరూ వాడే ఖాతా వివరాలు బ్యూరోకి పంపేటప్పుడు ఇద్దరి పేరు మీదా పంపాలన్నదే ఆ నియమం. పత్రికల్లో దీనికి పెద్ద శీర్షికలేవీ దక్కి ఉండవు. కానీ ఎవరి ఫైల్లో ఎవరి చరిత్ర పేరుకుంటుందో తేల్చింది అదే.

ఎందుకంటే ఆ ఫైళ్ళ మీదే స్కోరు కట్టారు. 1956లో బిల్ ఫెయిర్, అర్ల్ ఐజక్ కలిసి పెట్టిన సంస్థ 1989లో ఎవరికైనా వర్తించే స్కోరు తెచ్చింది. 300 నుంచి 850 దాకా ఉంటుంది. బాకీలు సకాలంలో తీర్చారా అన్నదానికి 35 శాతం, ఉన్న పరిమితిలో ఎంత వాడేశారన్నదానికి 30, ఖాతా వయసుకి 15, కొత్తగా అడుగుతున్న అప్పులకి 10, అప్పుల రకాలకి 10. కార్డిచ్చే కంపెనీ ముందు ఈ అంకె చూస్తుంది, తర్వాత ఆదాయం చూస్తుంది. అంకె తక్కువైతే కార్డు రాదు, లేదా పరిమితి తక్కువ, వడ్డీ ఎక్కువ. అంకె ఆడా మగా అడగదు. చట్టం ప్రకారం అడగకూడదు కూడా. డ్యురాండ్ లెక్కలో మనకి దక్కిన 0.40 కూడా ఆ దెబ్బతోనే పోయింది. దానికి నేను బాధపడను. ఆడవాళ్ళు ఒబ్బిడి మనుషులు అనే మంచి మాట కూడా ఒక సంకెలే.

మేనేజరు మొహం ఎదురుగా లేకపోవడం పెద్ద మేలే. ఎవరూ డాక్టరు ఉత్తరం అడగరు. అయితే అంకె చదివేది ఫైలుని. ఫైల్లో పడాలంటే అప్పు మన పేరున ఉండాలి. అప్పు మన పేరున ఎందుకు లేదో చెప్పే గడి ఏ దరఖాస్తులోనూ ఉండదు.

2019 నవంబర్‌లో ఆపిల్ కార్డు మీద రేగిన గొడవ గుర్తుందా? డేవిడ్ హైన్‌మెయర్ హాన్సన్ అనే సాఫ్ట్‌వేర్ నిపుణుడు, ఉమ్మడిగానే పన్ను లెక్కలు వేసే తన భార్యకన్నా తనకి ఇరవై రెట్ల పరిమితి ఇచ్చారని బయటపెట్టాడు. ఆపిల్ సహస్థాపకుడు స్టీవ్ వాజ్నియాక్ తమ ఇంట్లోనూ అలాగే జరిగిందన్నాడు. న్యూయార్కు రాష్ట్ర ఆర్థిక సేవల విభాగం విచారణ జరిపి 2021 మార్చిలో, కార్డు వెనకున్న గోల్డ్‌మన్ శాక్స్ చట్టవిరుద్ధంగా వివక్ష చూపలేదని తేల్చింది. ఆస్తులు ఉమ్మడివైనంత మాత్రాన భార్యాభర్తల క్రెడిట్ చరిత్ర ఒకటి కాదన్నది అందులో వచ్చిన వివరణ. చాలామంది స్త్రీవాదులు దీన్ని ఓటమిగా చూశారు. నాకు మాత్రం నిజాయితీగా చెప్పిన మాటే అనిపించింది. యంత్రం అబద్ధమాడలేదు. పెళ్ళిలో పేర్లు ఎలా పంపిణీ అవుతాయో అదే చూపించింది. చట్టం అడిగే ప్రశ్న 'ఆమె స్త్రీ కాబట్టి కాదన్నారా?' అనేది. ఆమె ఫైలు ఎందుకు పలచగా ఉందన్న ప్రశ్న బ్యాంకుకి చెందదు, వంటగదికి చెందుతుంది.

వంటగది సంగతి అమెరికా చట్టానికి ఒకసారి ఎదురుపడింది కూడా. 2009 కార్డు చట్టం తర్వాత, తీర్చే స్తోమతని ఎవరి సొంత ఆదాయాన్ని బట్టి వాళ్ళకే చూడాలని ఫెడరల్ రిజర్వు 2011లో నియమం పెట్టింది. విద్యార్థులని అప్పుల ఊబి నుంచి కాపాడాలన్నది చట్టం ఉద్దేశాల్లో ఒకటి. తీరా చూస్తే ఇంట్లో ఉండే భార్యలకి కార్డు రావడం ఆగిపోయింది. తల్లులు గోల చేశాక 2013లో, ఇరవై ఒక్కేళ్ళు దాటినవాళ్ళు తమకి అందుబాటులో ఉన్న భర్త ఆదాయాన్ని కూడా చూపించుకోవచ్చని సవరించారు. నలభై ఏళ్ళకి మళ్ళీ భర్త జీతం దగ్గరికే వచ్చారు. ఈసారి అది స్త్రీల విజయం! ఇందులో ఎటు నిలబడాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

అక్కడున్న మన తెలుగమ్మాయిలకి ఇది పాఠం కాదు, రోజువారీ బతుకు. హెచ్‌-4 వీసా మీద భర్త వెంట వెళ్ళిన ఇంజనీర్లకీ డాక్టర్లకీ పనిచేసే అనుమతి లేదు, పని అనుమతి లేనివాళ్ళకి సాధారణంగా సోషల్ సెక్యూరిటీ నంబరు రాదు, ఆ నంబరు లేకపోతే ఫైలు మొదలవడం కష్టం. ఇక్కడ సంపాదించుకున్న పరపతి విమానం ఎక్కదు. 2015 మే నుంచి వాళ్ళలో కొందరికి పని అనుమతి వచ్చింది, అదీ భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటితే. డల్లాస్‌లో ఉన్న మా పిన్ని కూతురు అక్కడ ఐదేళ్ళపాటు భర్త కార్డు మీద అదనపు సభ్యురాలు. "వాడుకున్నదంతా నేనే అక్కా, కానీ స్టేట్‌మెంటు నాకు రాదు" అనేది. నవ్వుతూనే అనేదనుకోండి.

మన దగ్గర సిబిల్ 2000లో మొదలైంది. క్రెడిట్ సమాచార సంస్థల చట్టం 2005లో వచ్చింది. స్కోరు 300 నుంచి 900. సాధారణంగా 750 దాటితే కార్డు సులువు. అయితే మన ఊళ్ళలో ఆడవాళ్ళు అప్పు తీర్చడం సిబిల్‌తో మొదలవలేదు. దూబగుంట సారా ఉద్యమం తర్వాత నెల్లూరులో రూపాయి రూపాయి పొదుపు చేసినవాళ్ళ దగ్గర్నుంచి డ్వాక్రా సంఘాల దాకా, వాయిదా కట్టడానికి చెవి కమ్మలు తాకట్టు పెట్టినవాళ్ళ చరిత్ర పెద్దదే. కానీ ఆ అప్పు సంఘం పేరున ఉండేది. సభ్యురాలి పేరు సంఘం తీర్మానాల పుస్తకంలో ఉండేది తప్ప ఏ బ్యూరోలోనూ లేదు. సభ్యుల వివరాలు విడివిడిగా సేకరించి బ్యూరోలకి ఇవ్వమని రిజర్వు బ్యాంకు బ్యాంకులకి చెప్పింది 2016 జనవరిలో.

దీనికి చేదు కోణం కూడా ఉంది. 2010లో సూక్ష్మరుణ సంస్థల వసూళ్ళ వేధింపులూ ఆత్మహత్యలూ బయటికొచ్చి, అక్టోబర్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వసూళ్ళు దాదాపు ఆగిపోయాయి. ఆ తర్వాత ఆ సంస్థలన్నీ బ్యూరోల్లో చేరక తప్పలేదు. ఊరంతా కలిసి కట్టలేమన్న ఒక సామూహిక ఘట్టం, ఫైల్లోకి ఎక్కేసరికి ఒక్కొక్క స్త్రీ పేరు పక్కన ఒక్కొక్క ఎగవేత అవుతుంది. డ్యురాండ్ పట్టికలోనూ ఆ ఘట్టానికి గడి లేదు, ఈ పట్టికలోనూ లేదు.

అందుకే, పేరు ఎక్కించడమే విముక్తి అని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. ఎక్కకపోతే ఏమవుతుందో మాత్రం కౌంటర్ దగ్గర చూశాను. తొలిసారి అప్పడిగేవాళ్ళని చరిత్ర లేదన్న ఒక్క కారణంతో కాదనవద్దని 2025లో రిజర్వు బ్యాంకు అన్నది. ఆ మాట మా శాఖ దాకా ఎప్పుడొస్తుందో చూసే ఓపిక లేక, పాతిక వేలు ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, దాని పూచీ మీద కార్డు తెచ్చుకున్నాను. నా డబ్బే నాకు హామీ. నాలుగైదు వేలు వాడి, గడువుకి ముందే కట్టేస్తున్నాను. మొత్తం పరిమితి వాడేస్తే స్కోరు తగ్గుతుందట.

సంక్రాంతికి తెనాలి వెళ్ళినపుడు అమ్మ రిపోర్టు కూడా చూద్దామనిపించింది. 2017 నుంచి ఏడాదికొకటి ఉచితం. అమ్మ ఏనాడూ బ్యాంకులో అప్పడగలేదు, నాలాగే మైనస్ ఒకటి వస్తుందని పందెం వేశాను. పాన్ నంబరు కొట్టాను. ఓటీపీ నాన్న ఫోనుకెళ్ళింది. నాన్న బజారుకెళ్ళారు. ఇద్దరం అరుగు మీద కూచుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అరగంట ఎదురుచూశాం.

వచ్చింది 741. కింద రెండు బంగారు రుణాలున్నాయి, ఒకటి 2014లో, ఒకటి 2018లో, రెండూ తీరిపోయినవి.

అమ్మ కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివింది. "నగలు నావే" అంది. "సంతకమూ నేనే పెట్టుంటాను. ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టాను మరి." తర్వాత నాన్న వైపు చూసి, "రెండోసారి ఎందుకు తెచ్చారు?" అని అడిగింది.